వాగు గట్టున కదలని మనిషి

నర్సింగ్ చదివే రోజుల్లో నేను ఈ కంగారూల దేశంలో, హారిసన్ అనే పేటలో, ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. అంకుల్ సిటీ బస్సు నడిపేవారు. ఆంటీది వృద్ధుల హోమ్‌లో ఉద్యోగం. ఇద్దరిదీ నరసాపురం. ఆదివారం చర్చి ఎలా తప్పేది కాదో, వాన లేని శనివారం అంకుల్‌కి ట్రౌట్ చేపల వేట అలాగే తప్పేది కాదు. చిన్నతనంలో కాలవ గట్ల మీద వెదురు గాలంతో పెరిగిన మనిషి, ఇక్కడి కొండవాగుల్లో చల్లటి నీళ్లలో తిరిగే ఈ చేపని చూసి మళ్లీ కుర్రాడైపోయారు.

ఆ వాగులన్నీ ఫోన్ పలకని చోట్లే ఉంటాయి. అందుకని ఆయన్ని ఒంటరిగా పంపడానికి ఆంటీ ఒప్పుకునేది కాదు. శనివారాలు ఆవిడకి డ్యూటీ. కూతురేమో గదిలోంచే ‘నో వే, డాడ్’ అనేసేది. చివరికి తోడు వెళ్లే పని నా మీద పడింది. “చూసుకోమ్మా, నీదే పూచీ” అనేది ఆంటీ, టిఫిన్ డబ్బా చేతికిస్తూ. ఆ మాట దారంతా నా వెంటే వచ్చేది.

నాకు పాములంటే చచ్చేంత భయం. అంకుల్ ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు. గడ్డిలో నడిచేటప్పుడు నేల అదిరేలా అడుగు వెయ్యమనేవారు. పడిపోయిన దుంగని ఒక్కసారిగా దాటకూడదు, ముందు దాని మీద ఎక్కి అవతల ఏముందో చూసుకోవాలి అని నేర్పారు. కాళ్లకి మోకాళ్ల దాకా మందపాటి తొడుగులు వేసుకునేవాళ్లం. నా సంచిలో వెడల్పాటి సాగే బ్యాండేజీలు ఎప్పుడూ ఉండేవి. ఇన్ని జాగ్రత్తలున్నా ఆయన గాలం విసురుతుంటే నేను నీళ్లని చూసేదాన్ని కాదు. గడ్డినే చూసేదాన్ని.

నవంబరంటే ఇక్కడ వేసవి మొదలయ్యే నెల. ఆ శనివారం ఎండ గట్టిగా ఉంది. కొండల వెనకాల మట్టిరోడ్డు చివర, గేటు దగ్గర కారు ఆపి వాగులోకి దిగాం. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఉక్కగా ఉందని అంకుల్ కాలి తొడుగులు విప్పి బండ మీద ఆరేశారు. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి నీళ్ల వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

“ఏదో ముల్లు గుచ్చుకుందమ్మా” అన్నారు, వంగి చూసుకుంటూ.

ఆయన పాదాల దగ్గర్నుంచి నల్లటి పాము ఒకటి జరిగి నీళ్లలోకి దిగింది. ఒంటి మీద పసుపు పట్టీలు. టైగర్ స్నేక్, ఇక్కడి పాముల్లో ప్రాణం తీసే రకం. తల పైకెత్తి, ఏమీ జరగనట్టు అవతలి గట్టుకి ఈదుకుంటూ పోయింది.

ఆయన చీలమండ పైన గోరు గీసినంత గీత, దాని పక్కన చిన్న రక్తపు చుక్క. అంతే. అంకుల్ అప్పటికే కూర్చుని షూ తాడు లాగుతున్నారు. మోకాలి కింద బిగించి కట్టేసి, కాటు కడిగేసుకుని, కారు దాకా మెల్లగా నడిచిపోదామన్నారు. వాళ్ల ఊళ్లో అలాగే చేసేవారట. ఆయన గొంతు మామూలుగానే ఉంది. నేను ఆ తాడు లాగేసుకున్నాను.

“వద్దు అంకుల్. కడగొద్దు, ఏ పాము విషమో ఆ తడిని బట్టే చూస్తారు. నడవొద్దు. నడిస్తే విషం పైకి పాకుతుంది. పడుకోండి.”

నాన్న వయసున్న మనిషిని అలా ఆజ్ఞాపించడం నాకదే మొదటిసారి. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి గడ్డి మీద వెనక్కి వాలారు.

ప్యాంటు మీదనుంచే కాటు చోట ఒక బ్యాండేజీ బిగించాను. ఇంకోటి కాలివేళ్ల నుంచి తొడ దాకా చుట్టుకుంటూ వచ్చాను. గాలం కర్రని కాలి పక్కన పెట్టి కట్టేశాను. కాటు ఎక్కడుందో కట్టు మీద పెన్నుతో గుర్తు పెట్టాను. క్లాసులో బొమ్మ కాలికి కట్టడమే గానీ, మనిషి కాలికి కట్టడం నాకదే మొదలు.

ఇక ఆయన్ని వదిలి కొండెక్కాలి. గుట్ట మీదకి వెళితే సిగ్నల్ దొరకొచ్చు. వేలు కూడా కదపొద్దని చెప్పాను. సరేనన్నట్టు కళ్లు మూశారు. “ముందు అంబులెన్స్‌కి చెయ్యమ్మా. ఆంటీకి తర్వాత చెబుదువుగాని” అన్నారు.

నడుము ఎత్తు గడ్డిలోంచి, నేను ఎన్నడూ ఒంటరిగా అడుగు పెట్టని గడ్డిలోంచి, నేల తొక్కుకుంటూ ఎక్కాను. పక్క పొదలోంచి కంగారూ ఒకటి దూకితే కెవ్వుమని అరిచి పరుగందుకున్నాను. నేను కిందపడితే ఆయన సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే పరుగు ఆపి, చూసుకుని అడుగులు వేయడం మొదలుపెట్టాను.

గుట్ట మీద ఫోన్ ఒకసారి కలిసి తెగింది. రెండోసారి నిలిచింది. అంబులెన్స్ లైన్లో అవతలి ఆవిడ తొందరపడకుండా వివరాలు అడిగింది. గేటు మీద ఏం రాసుందో, వాగు ఎటు ఉందో చెప్పాను. హెలికాప్టర్ పంపుతున్నాం, పైనుంచి కనబడే రంగు బట్ట ఏదైనా ఆరుబయట పరిచి అతని దగ్గరికి వెళ్లు అంది. నా నారింజ రంగు రెయిన్‌కోటు గట్టు మీది బండపై పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టాను.

అంకుల్ నేను వదిలిన చోటే, వదిలినట్టే ఉన్నారు. దగ్గరికి వెళితే మెడ మీద, చెంప మీద పెద్ద చీమలు. కుట్టిన చోటల్లా ఎర్రగా ఉబ్బింది. దులుపుకోలేదేమని అడిగాను.

“కదలొద్దన్నావు కదమ్మా.”

చీమలు దులుపుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన భయపడతారని ముఖం తిప్పుకున్నాను. ఆయన కనురెప్పలు వాలుతున్నాయి. నిద్రా, విషమా తెలియదు. నాలుక మందగిస్తే తెలుస్తుందని, గోదావరిలో ఏ చేపలు పడేవో చెప్పమన్నాను. కొరమేను, వాలుగ, జెల్ల అంటూ మెల్లగా చెబుతున్నారు. ఒక్కో పేరుకీ ఆయన పెదవులే చూస్తూ కూర్చున్నాను. పేర్లు అయిపోతే వండే పద్ధతులు అడిగాను. పులుసు దగ్గర మాట తడబడింది. అప్పుడే కొండ వెనక నుంచి హెలికాప్టర్ చప్పుడు వినబడింది.

విషం ఎక్కిందని, రక్తం గడ్డకట్టడం లేదని హాస్పిటల్లో తేలింది. విరుగుడు మందు ఎక్కించారు. కట్టు గట్టిగా ఉండబట్టి, మనిషి నడవకుండా ఉండబట్టి ప్రాణం నిలిచిందని డాక్టరు చెప్పింది. ఆంటీ యూనిఫామ్‌లోనే పరుగెత్తుకొచ్చింది. ఏమంటుందోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

“ఆయనకి నిన్ను తోడు పంపించాను గానీ, నీకు తోడెవరున్నారో ఆలోచించలేదు తల్లీ” అంది.

మరుసటి వేసవిలో అంకుల్ మళ్లీ బయలుదేరారు. ఈసారి ప్రమాదంలో మీట నొక్కితే ఉపగ్రహానికి కబురు పంపే చిన్న యంత్రం నడుముకి తగిలించుకున్నారు. తోడు రానని చెప్పలేక వెళ్లాను. ఆయన నీళ్లలో నిలబడి గాలం విసురుతున్నారు. నేను వాగు మధ్యలో బండ మీద కూర్చున్నాను. కాళ్లు రెండూ పైకి లాక్కుని, రెండు గట్లూ చూస్తున్నాను. గాలికి గడ్డి కదిలిన ప్రతిసారీ తల అటు తిప్పాను. చేపలు నీటిపైకి ఎగిరి పురుగుల్ని అందుకుంటున్నాయి. ఆయన ఎదురుచూసే సమయం అదే.

అంకుల్ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు. దారం చుట్టుకోవడం మొదలుపెట్టారు.

“పదమ్మా, పోదాం. ఇవాళ చేపలు పడేలా లేవు” అన్నారు.