గారెలు మెనీ, కోడికూర మచ్

నా ఉద్యోగం ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో, సరిగ్గా ఆ మనిషినే నిండు పంక్తిలో, కోడికూర ఘుమఘుమల మధ్య, కడుపు మాడ్చి లేపిన ఘనుణ్ణి నేను. పగతో చేసిన పని కాదండీ, పాండిత్యంతో చేసింది. పగవాడైతే కాస్త పచ్చడైనా వేసేవాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వస్తాయి.

డెబ్బైల నాటి మాట. బెజవాడలో బి.ఏ., ఆ పైన బి.ఇడి. వెలగబెట్టి, కంకిపాడు దగ్గర ఒక పల్లెలోని మిషన్ బళ్ళో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. చేరానంటే పూర్తిగా చేరినట్టు కాదు. బడి కమిటీ నన్ను తీసుకుంది గానీ, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, చూసి, సంతకం పెడితేనే పోస్టు ఖాయం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. సంతకం పడలేదా, ఆటోనగర్‌లో మా మేనమామ స్పేరుపార్టుల కొట్టు నా కోసం కాచుకుని ఉంది. అక్కడికెళ్తే జన్మంతా గ్రీజు చేతులతో బోల్టులు ఏరుకోవాల్సిందే.

బడి కరస్పాండెంటు జ్ఞానరత్నం గారు నెమ్మదైన మనిషి. ఆయన భార్య మాణిక్యమ్మ గారు మాత్రం వడ్డనలో ఆ చుట్టుపక్కల పేరుమోసిన మనిషి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ అడిగినా పెడతారు, అడక్కపోయినా పెడతారు, చేతులెత్తి దణ్ణం పెట్టి వద్దన్నా పెడతారు. మన వైపు మర్యాద మీకు తెలిసిందే. అతిథి 'చాలు' అంటాడు. అది మాట వరసకు అనే మాట. వినిపించనట్టు ఇంకో గరిటె వెయ్యడం వడ్డించేవారి ధర్మం. అతిథి ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు. వేళ్ళ సందుల్లోంచి పులుసు పొయ్యడం అంతకన్నా పెద్ద ధర్మం.

బళ్ళో కొత్త గదులు కట్టాం. వాటిని తెరవడానికి మద్రాసు నుంచి ఒక దొరసాని గారు వస్తున్నారు. అదే రోజు ఇన్‌స్పెక్టరు గారు కూడా. భోజనాలు కరస్పాండెంటు గారింట్లో, వడ్డన చర్చి స్త్రీల సమాజం వారిది. జ్ఞానరత్నం గారు నన్ను పక్కకి పిలిచి తన బెంగ చెప్పుకున్నారు. అంతకు ముందోసారి వచ్చిన దొర గారు ఈ ఇంట్లో భోంచేసి, మర్నాడు మంచం దిగలేకపోయారట. అందుకని ఆడవాళ్ళకి ఇంగ్లీషు పద్ధతి వడ్డన నేర్పమన్నారు.

కోతికి కొబ్బరికాయ దొరికింది. నేను ఆ వారమే ఎనిమిదో తరగతికి మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్ పాఠం చెబుతున్నాను. నల్లబల్ల తీసుకెళ్ళి మాణిక్యమ్మ గారి వసారాలో పెట్టాను. చేత్తో వేసేవి లెక్కకొచ్చేవి, గరిటెతో వేసేవి లెక్కకి రానివి అని సూత్రం కట్టాను. గారెలు, బూరెలు, అప్పడాలు మెనీ. అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు మచ్.

"మరి కోడికూరో?" అన్నారు మాణిక్యమ్మ గారు. "ముక్కలైతే లెక్కపెట్టొచ్చు. పులుసు లెక్కపెట్టలేం."

కోడి బతికున్నప్పుడు మెనీ, ఉడికాక మచ్ అని తేల్చాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, చదువుకున్నవాడు కదా అని ఊరుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. 'ఎ ఫ్యూ' అన్నారంటే రెండే వెయ్యాలి, 'ఎ లిటిల్' అన్నారంటే చెంచాడు, 'నో, థాంక్యూ' అన్నారంటే ఆ ఆకు వైపు మళ్ళీ కన్నెత్తి చూడకూడదు అని శాసనం చేశాను. ఇంగ్లీషులో మాటంటే మాటే, మొహమాటం ఉండదు అన్నాను. మాణిక్యమ్మ గారి మొహం చిన్నబోయింది.

"చాలన్నవాళ్ళకి చాలించేస్తే అది అన్నం పెట్టడం ఎలా అవుద్ది బాబూ?"

"అదే నాగరికత అండీ," అన్నాను. ఆ వయసులో నాగరికత గురించి నాకు తెలియంది లేదు.

ఆ రోజు రానే వచ్చింది. గదులు తెరిచారు, ప్రార్థన అయింది, అందరూ అరిటాకుల ముందు కూర్చున్నారు. దొరసాని గారి పక్కన ఇన్‌స్పెక్టరు గారు. నిండైన విగ్రహం. పొద్దుటి నుంచీ మూడు బళ్ళు తిరిగి వచ్చిన మనిషి, ఆకలి మొహంలోనే కనిపిస్తోంది. అయినా దొరసాని పక్కన కూర్చున్నాక తెలుగు ఎలా మాట్లాడతారు? ఉద్యోగధర్మం అనుకున్నారో ఏమో, పెదవి విప్పితే ఇంగ్లీషే.

దొరసాని గారేమో మద్రాసులో పంతులు గారిని పెట్టుకుని తెలుగు నేర్చుకున్నారట. ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడనని పట్టుబట్టి వచ్చారు. ఈ సంగతి మాకు ఆకులు వేశాక గానీ తెలియలేదు.

మొదటి గరిటె అన్నం పడగానే ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు, "చాలును అమ్మా, చాలును," అన్నారు. మాణిక్యమ్మ గారు బేసిన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఈవిడ తెలుగులో చాలంటున్నారు, ఏ లెక్కన వెయ్యమంటారని గుసగుసగా అడిగారు. తెలుగులో అంటే తెలుగు లెక్కే కదా అన్నాను. మరి ఇన్‌స్పెక్టరు గారేమో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారే అన్నారు ఆవిడ. అయితే ఇంగ్లీషు లెక్క అన్నాను. న్యాయాధిపతిలా తీర్పు ఇచ్చేసి, దూరంగా నిలబడి నేను నేర్పిన ఇంగ్లీషు మాటలే పంక్తిలో వినిపిస్తుంటే మురిసిపోతూ ఉండిపోయాను. ఆకుల వైపు చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇన్‌స్పెక్టరు గారు అన్నానికి "ఎ లిటిల్" అన్నారు. చెంచాడు పడింది. గారెలకి "ఎ ఫ్యూ" అన్నారు. రెండు పడ్డాయి. కోడికూరకి "నాట్ మచ్" అన్నారు. ఒక మెడ ముక్క వచ్చింది, అదీ మొహమాటంగా. ఆయన ధైర్యం ఆయనది. మారు వడ్డనలో ఎలాగూ బలవంతం చేస్తారు కదా అనుకున్నారు. కూర మళ్ళీ వచ్చినప్పుడు అలవాటు కొద్దీ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "నో, థాంక్యూ," అన్నారు, వేళ్ళు కాస్త ఎడంగానే ఉంచి. కూర ఆవిడ నమస్కారం చేసి ముందుకెళ్ళిపోయింది. బూరెలావిడ ఆ ఆకు వైపే చూడలేదు. పెరుగావిడ దూరం నుంచే తప్పుకుంది. ఆయన చెయ్యి మాత్రం పాపం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పక్క ఆకులో ఉప్పెన. 'చాలును' అన్న కొద్దీ గారెలు. 'వలదు' అన్న కొద్దీ బూరెలు. ఆవిడ రెండు చేతులూ ఆకు మీద కప్పేసి వంగిపోతే, స్త్రీల సమాజం వారికి ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఎంత మర్యాద తెలిసిన దొరసాని అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

పంక్తి లేచింది. ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి కడుక్కున్నారు, కడగడానికి అంటిందేమీ లేకపోయినా. నన్ను పిలిచి, ఆ వడ్డించినవాళ్ళకి ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగారు. మెప్పే అనుకుని, నేనేనని ఛాతీ విరిచి చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మొదటిసారి తెలుగులో మాట్లాడారు.

"కంకిపాడులో హోటలు ఇంకా తెరిచుంటుందంటారా?"

అప్పుడు చూశాను ఆ ఆకు. కడిగి ఎండబెట్టినంత శుభ్రంగా ఉంది.  పరిగెత్తుకెళ్ళి మాణిక్యమ్మ గారితో చెప్పాను. ఆవిడ తన ఇంట్లోంచి ఒక మనిషి ఆకలితో లేచాడన్న మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత కొంగు బిగించి, ఆయన్ని వెనక వసారాలో కూర్చోబెట్టి, కొత్త ఆకు వేశారు. నన్ను గుమ్మం బయటే ఆపేశారు.

ఆ వసారాలోంచి "చాలండీ", "వద్దండీ బాబూ", "అయ్యో, ఇంకెక్కడ పడుతుందండీ" అన్న మాటలు ఎంతసేపు వినిపించాయో చెప్పలేను. నా చెవులకి అవి వేదమంత్రాల్లా ఉన్నాయి. చివరికి తృప్తిగా తేన్చిన చప్పుడు వినిపించాక గానీ నా గుండె కుదుటపడలేదు.

సాయంత్రం ఆయన జ్ఞానరత్నం గారి ముందు నన్ను నిలబెట్టారు.

"చూడండి మాస్టారూ, మీరు చెప్పింది జనం ప్రాణం పోయినా జవదాటరని కళ్ళారా చూశాను. అలాంటి మాస్టార్ని వదులుకోకూడదు. మీ పోస్టు ఖాయం చేస్తున్నాను."

నేను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను.

"ఆగండి. జూన్ నుంచి ఇంగ్లీషు వద్దు, సోషల్ చెప్పండి. కొండలూ నదులూ అయితే మీ మాట విని మారిపోవు."

అలా నేను రిటైరయ్యేదాకా సోషల్ మాస్టార్నే. కనుక ప్రియమైన పాఠకులారా, బందరు కాలవ గట్టున నిలబడి, దోసిట నీళ్ళు పట్టి, మూడు పంటల మాగాణి సాక్షిగా ఆ రోజు చేసిన ప్రతిజ్ఞ ఇది: అరిటాకు వేసిన చోట ఇంగ్లీషు ముక్క మాట్లాడను, మాట్లాడనివ్వను, నా ఇంట భోంచేసే మనిషి, వాడు ఏ దేశపువాడైనా, ఏ భాషలో చాలన్నా, ఛస్తే నమ్మను.