మట్టి ముఖం మీద మీసం

మా అక్క కొడుకు సైన్యంలో లెఫ్టినెంట్. ఉత్తరాన కొండల్లో తీవ్రవాదుల కోసం గాలిస్తుండగా చనిపోయాడు. గాయపడ్డ ఇద్దరు సిపాయిలను బండరాయి చాటుకు ఈడ్చుకొచ్చి, మూడోవాడి కోసం మళ్లీ వెళ్లాడని పేపర్లో రాశారు. మూడోవాడు కూడా బతికాడు. మావాడు బతకలేదు. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్న నేను, మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి వార్త అదే. అక్కకు చదువు రాదు. "ఇంకోపారి సదువు" అనేది. మూడోవాడు బతికాడన్న చోటికి రాగానే ఆపమనేది.

ఆ తర్వాత అక్క గడప దాటలేదు. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టేసింది. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, ఆటోలు ఆగే చౌరస్తాలో వాడి విగ్రహం పెట్టాలని ఊరంతా అనుకున్నప్పుడు కూడా వద్దనలేదు, సంబరపడలేదు.

"పెట్టుకోండ్రి. నేను మాత్రం రాను" అన్నది.

తల్లి లేకుండా కొడుకు విగ్రహానికి పరద ఎట్లా తీయాలని ఊరి దిగులు. నా దిగులు వేరు. విగ్రహం అక్కడ నిలబడ్డాక అక్క ఇక ఆ తోవనే నడవదని, నాలుగు గోడల మధ్యే ముసలిదైపోతుందని.

విగ్రహం చేసే శిల్పి షెడ్డు కామారెడ్డిలో. ఆయన ముందు మట్టితో ముఖం చేస్తాడు. ఇంటివాళ్లు చూసి సరేనంటేనే అచ్చు తీస్తాడు. "తల్లిని తీస్కరాండ్రి. ఫొటోల ముక్కు తెలుస్తది గని మనిషి తెల్వడు" అని ఫోన్ చేశాడు.

"పోయొద్దాం అక్కా. బస్సు దిగుడు, చూసుడు, మళ్ల ఎక్కుడు, గంతే" అన్నాను.

"ముక్కొక్కటే చూస్త" అన్నది.

సర్పంచి మాకంటే ముందే షెడ్డుకు చేరాడు. మాకు వరుసకు మరిది, గొప్ప మీసాల మనిషి. శిల్పి తడి గోనెగుడ్డ తీశాడు. టోపీ, భుజాల మీద చుక్కలు, కోటేరు ముక్కు. ఆ ముక్కు కింద రెండు వైపులా పైకి మెలితిరిగిన మీసం.

మావాడికి మీసం ఏనాడూ లేదు. సెలవు మీద వచ్చినప్పుడు, "మీసం లేని మిల్ట్రోడివి ఏందిరా?" అని నేను ఆటపట్టిస్తే, "మీసమొచ్చి తుపాకి పేలుస్తదా చిన్నమ్మా?" అనేవాడు.

అక్క ఇప్పుడే వెనక్కి తిరిగి బస్టాండుకు నడుస్తుందనుకున్నాను.

"ఈడెవడు?" అని అడిగింది.

శిల్పి సర్పంచి వైపు చూశాడు. "ఫొటోల లేదమ్మా. వీళ్లే పెట్టుమన్నరు."

"ఆఫీసరంటే మీసం ఉండాలె గద వదినె" అని సర్పంచి నసిగాడు. "లేకుంటే కాలేజీ పోరని లెక్క కొడ్తడు."

"కాలేజీ పోరని లెక్కనే ఉండె గద వాడు." అక్క ఇంకా దగ్గరికి వెళ్లింది. మట్టిని చూసి సర్పంచిని చూసింది. "నీ మీసం తీసి నా కొడుక్కు పెట్టిచ్చినవా ఏంది?"

నాకు నవ్వాగలేదు. నవ్వి, భయపడ్డాను. శిల్పి ముఖం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఆయన చెక్క పనిముట్టు అందుకునేలోపే అక్క కొంగు నడుముకు దోపింది. బొటనవేలితో మీసాన్ని ఒక్క తోపు తోసేసింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు అవి. ఆకు చిట్లకుండా ఎంత నొక్కాలో వాటికి తెలుసు. పై పెదవిని సాపు చేసింది. చెంపల్లో మట్టి తగ్గించింది. "గింత బలుపెక్కడిది వానికి, తింటే గద" అని గొణిగింది. శిల్పి పక్కన నిలబడి మట్టి మీద నీళ్లు చల్లుతూ పోయాడు. చివరికి, బీడీ కొస మడిచే గోరుతో ఎడమ కనుబొమ్మలో చిన్న గీత గీసింది. చిన్నప్పుడు బోరింగు పిడి తగిలిన గాటు అది. ఫొటోలో టోపీ నీడ దాన్ని కప్పేసింది. ఎత్తుకొని పెంచిన నేనే మరిచిపోయాను.

అక్క ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. ముక్కొక్కటే కాదు, అంతా చూసింది. ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి జరిగాను.

"చెవులు జర పెద్దగ చెయ్యి" అన్నది శిల్పితో. "వాళ్ల బాపు చెవులు."

"చేస్తనమ్మా."

సర్పంచి గొంతు సవరించుకున్నాడు. "వదినె, పరద తీసేటందుకు పెద్దపెద్దోళ్లను పిలుద్దామనుకుంటున్నం..."

"పిలువుండ్రి. కుర్చీలెయ్యుండ్రి. పరద నేను తీస్త."

సర్పంచి తల ఊపాడు. శిల్పి అప్పటికే చెవి కోసం మట్టి పిసుకుతున్నాడు.