మంగళ, శుక్రవారాల్లో ఆగిపోయే ఫర్నేస్

నా చిన్నప్పటి ఇంట్లో ఒక యంత్రం ఉండేది. దానికి శ్రావణమాసం పడేది కాదు. ఈ మాట ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నేలల పరీక్షల ఉద్యోగం మీద నాన్నగారు మమ్మల్ని తెనాలి నుంచి క్రైస్ట్‌చర్చ్ తీసుకొచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఈ ఊరి రిక్కార్టన్ బజార్లో కూరగాయలు ఏరుకుంటుంటే “ఆంటీ, మీరు తెలుగా?” అని వెనకనుంచి పిల్లలు పలకరిస్తారు. ఆ రోజుల్లో తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. అక్షరాలు మర్చిపోతానని అమ్మ నా చేత రోజుకో పేజీ తెలుగులో డైరీ రాయించేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. అందుకే ఈ సంగతులు వారాలతో సహా గుర్తున్నాయి.

మేం అద్దెకున్నది పాత చెక్క ఇల్లు. వెనక, బట్టలుతికే గదిలో నూనెతో మండే ఫర్నేస్ ఉండేది. బీరువా అంత ఇనుప పెట్టె. లోపలి మంట గాలిని వేడిచేస్తే, బ్లోయర్ అనే పెద్ద ఫ్యాను ఆ గాలిని నేల కింది గొట్టాల్లోంచి గదులకి తోసేది. గదికొక చిన్న గాలి కన్నం. నడవాలో మాత్రం నేలకి బిగించి చాపంత ఇనుప జాలీ ఉండేది. అందులోంచి వేడి వచ్చేది కాదు. అది ఎందుకుందో మాలో ఎవరికీ తెలియదు, అడగాలనీ తోచలేదు.

ఆ చలికాలానికి తమ్ముడికి ఏడో నెల. పుట్టినప్పటినుంచీ వాడి ఛాతీ బలహీనం. గది చల్లబడనివ్వొద్దని, ఇంకోసారి జలుబు ఛాతీలోకి దిగితే ఆసుపత్రిలో పెట్టాల్సిందేనని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట అమ్మకి తెలుగులో చెప్పింది నేనే. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నాన్నగారు పనికి వెళ్ళాక బయటివాళ్ళకీ అమ్మకీ మధ్య మాట మోసేదాన్ని నేను.

భూమికి దక్షిణపు కొసన ఉన్న ఈ దేశంలో శ్రావణం చలికాలం నడిమధ్యలో వస్తుంది. సరిగ్గా అప్పుడే ఫర్నేస్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్న లేచేసరికి బాగానే నడుస్తూ ఉండేది. ఎనిమిది దాటేసరికి మంట ఆరిపోయేది. బ్లోయర్ కాసేపు చల్లగాలి తోసి, అదీ ఊరుకునేది. నేను బడికెళ్ళే ముందు ఫోన్ చేస్తే మధ్యాహ్నం, నేను తిరిగొచ్చే వేళకి, బాగుచేసే ఆయన వచ్చేవారు. తెల్లటి కనుబొమలు, పెద్ద చేతులు. నేను మనసులో ఆయనకి ఫర్నేస్ తాతయ్య అని పేరు పెట్టుకున్నాను. ఆయన వచ్చేదాకా అమ్మ తమ్ముణ్ణి చీర కొంగులో, దాని మీద రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకు కూర్చునేది.

మొదటిసారి ఆయన ఫిల్టరు మార్చారు. రెండోసారి బ్లోయర్ బెల్టు బిగించారు. మూడోసారి థర్మోస్టాట్ విప్పి, వైర్లు పరీక్షించి, మళ్ళీ బిగించారు. ప్రతిసారీ చివరికి, మమ్మల్ని ముట్టుకోవద్దన్న ఒక ఎర్ర బటన్ నొక్కేవారు. ఫర్నేస్ వెంటనే మండేది. ఆయన ఉన్నంతసేపూ ఏ లోపమూ లేకుండా నడిచేది. “నన్ను చూస్తే బుద్ధిమంతురాలైపోతుంది, మా రెండో కూతురి లాగా” అన్నారు.

ఆయన వెళ్ళాక ఇంట్లో మాటలు వేడెక్కేవి, ఫర్నేస్ దగ్గర మొదలై అమ్మ దీపం మీదికి వెళ్ళేవి. నాన్నగారికి మొదటినుంచీ చెక్క ఇంట్లో దీపమంటే భయం. అమ్మ నడవాలోని దుప్పట్ల అల్మారాని ఖాళీ చేసి దేవుడి గది చేసుకుంది. తూర్పు ముఖంగా ఉన్న చోటు ఇంట్లో అదొక్కటే. “ఇంటివాళ్ళు చూస్తే ఏమంటారు? పటానికి దణ్ణం పెట్టుకుంటే చాలదూ?” అన్నారు నాన్నగారు ఒకరోజు. అమ్మ గొంతు పెంచలేదు. “మీరు ఆఫీసుకి వెళ్తారు, అది బడికి వెళ్తుంది. పగలంతా నేను మాట్లాడేది ఆ అమ్మవారితోనేనండీ. ఆ ఒక్కటీ అడక్కండి” అంది.

నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు తాతయ్య వచ్చి బటన్ మాత్రం నొక్కి, ఇంకేమీ విప్పకుండా వంటింట్లో కూర్చున్నారు. నేను డైరీ రాసుకుంటున్నాను. ఏం రాస్తావని అడిగి, కాసేపు ఆలోచించి, నాకొక పని అప్పగించారు. లోపల మరీ వేడెక్కితే మంట ఆర్పేసే కాపలా స్విచ్చి ఒకటుందట. ప్రతిసారీ అదే మంట ఆర్పుతోందట. అంటే వేడి బయటికి పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో ఆయనకి దొరకడం లేదు. “అది చెడిపోయే వేళకి నేను ఇక్కడ ఉండను. నువ్వుంటావు. టైము రాయి. చప్పుడు ఎలా ఉందో రాయి. ఆ వేళకి ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో అదంతా రాయి. దానికీ ఫర్నేస్‌కీ సంబంధం ఉందా అని నువ్వు చూడకు. ఆ తీసివేతలు తర్వాత చేసుకుందాం.”

నేను ఉద్యోగం వచ్చినంత గర్వంగా రాశాను. వారం రోజుల పేజీలు పక్కపక్కన పెట్టి చూసేసరికి నా గర్వం దిగిపోయింది. శని, ఆది, సోమవారాల్లో ఆగలేదు. బుధవారం, గురువారం ఆగలేదు. మంగళవారం, శుక్రవారం ఆగింది. వెనకటి పేజీలు తిప్పి చూశాను. అప్పుడూ అవే రోజులు. మామూలు రోజుల్లో అమ్మ అయిదు నిమిషాల్లో దీపం పెట్టి లేచేది. శ్రావణం కనక మంగళ, శుక్రవారాల్లో ముప్పావుగంట పైన కూర్చుని అమ్మవారి నామాలు చదివేది. ఎందుకో తెలియదు గానీ, అమ్మ అంతసేపు పూజకి కూర్చున్న ప్రతి పొద్దునా ఫర్నేస్ ఆగిపోతోంది.

ఈ సంగతి బయటపడితే నాన్నగారు ఏమంటారో నాకు తెలుసు. దీపం పోతుంది. అమ్మకి పగలు మాట్లాడడానికి ఎవరూ మిగలరు. చెప్పకపోతే తమ్ముడి గది ఇలాగే చల్లబడుతుంది. ఆ శుక్రవారానికి వాడి ఊపిరిలో అప్పుడే పిల్లికూతలు మొదలయ్యాయి.

మధ్యాహ్నం తాతయ్య వచ్చి బల్ల దగ్గర కూర్చుని చదవమన్నారు. రాత తెలుగులో ఉంది కనక నేనే వేలు పెట్టి ఒక్కొక్క వరుసా ఇంగ్లీషులో చెబుతున్నాను. మంగళవారం దగ్గర నేను రాసింది ఇది: “ఏడు ముప్పావు. అమ్మ నడవాలో బొంత పరుచుకుని పూజకి కూర్చుంది. నామాలు చదువుతోంది. తమ్ముడు నిద్ర. బ్లోయర్ చప్పుడు సన్నబడింది. ఎనిమిదీ పది. మంట ఆరింది.” నేను చెప్పింది: “ఏడు ముప్పావు. తమ్ముడు నిద్ర. ఎనిమిదీ పది. మంట ఆరింది.” శుక్రవారం కూడా అలాగే చెప్పాను.

ఆయన ఆ పేజీ కేసి కాసేపు చూశారు. మసి పట్టిన గోటితో వరుస మొదటినుంచి చివరిదాకా మెల్లగా గీసినట్టు చూపించారు. “నాకు ఈ అక్షరాలు రావు. కానీ ఈ వరుసలు ఇంత పొడుగున్నాయి, నువ్వేమో నాలుగు ముక్కలే చెప్పావు” అన్నారు.

కోప్పడలేదు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచి, వెలుగుకి పెట్టి చూసి, రెండోది తుడవడం మొదలుపెట్టారు. అంత శుభ్రంగా కళ్ళజోడు తుడిచే మనిషిని నేను తర్వాత ఎప్పుడూ చూడలేదు. పక్కగదిలో తమ్ముడు దగ్గాడు. నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. పూజ, బొంత, దీపం, నాన్నగారు, అన్నీ.

“మా అమ్మ సంగతైతే నేనూ దాచేవాణ్ణే” అన్నారు. “కానీ సగం వింటే ఆ యంత్రాన్ని నేను బాగుచెయ్యలేను.” తర్వాత అమ్మకి చెప్పమని వరసగా రెండు మాటలు అప్పగించారు. “నువ్వేదో తప్పు చేస్తున్నావని ఆయన అనుకోవడం లేదమ్మా అని ముందు చెప్పు. ఆ తర్వాతే, మంగళవారం పొద్దున్న వచ్చి చూడొచ్చా అని అడుగు. ఆ వరస తిరగెయ్యకు.”

నేను అదే వరసలో చెప్పాను. అమ్మ నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. “రమ్మను. చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కోమను” అంది. ఈసారి ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు.

మంగళవారం నాన్నగారు అలా పనికి వెళ్ళగానే, ఏడున్నర కాకుండానే వచ్చారు. తమ్ముడి గదిలో పెట్టమని ఒక చిన్న కరెంటు హీటరు వెంట తెచ్చారు. బూట్లు గుమ్మం బయట విప్పి, మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కున్నారు. ఆయన మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. “పాపం, కుట్టిపెట్టేవాళ్ళు లేరు కాబోలు” అని అమ్మ నా చెవిలో అంది.

అమ్మ దీపం వెలిగించి, బొంత నాలుగు మడతలు వేసి ఇనుప జాలీ మీద పరిచింది. “కింద నుంచి ఏదో గాలి లాగేస్తూ ఉంటుందే, ఇది పరిస్తే గానీ దీపం నిలవదు. అది కూడా చెప్పు ఆయనకి” అంది. ఆ మాట అమ్మ నాతో ఎన్నోసార్లు అంది. నేను ఒక్కసారీ రాయలేదు, పనికొచ్చే మాట కాదనుకుని.

తాతయ్య ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. బొంత కొస ఎత్తి, జేబులోంచి పలచటి కాగితం ముక్క తీసి జాలీ మీద వదిలారు. అది ఎగరలేదు. ఎవరో కిందనుంచి పట్టుకున్నట్టు చువ్వలకి అతుక్కుపోయింది. ఆయన బొంత మళ్ళీ సర్ది, అమ్మని కానివ్వమని సైగ చేసి, నన్ను ఫర్నేస్ దగ్గరికి తీసుకెళ్ళి చెవి పెట్టి వినమన్నారు. కాసేపటికి బ్లోయర్ చప్పుడు, నేను రాసినట్టే, సన్నబడింది. తర్వాత లోపల టక్కుమని మంట ఆరింది. ఆయన చెయ్యి బటన్ దాకా వెళ్ళి ఆగింది. “ముందు మీ అమ్మ పూజ అవనీ” అన్నారు.

పూజ అయ్యాక మా ఇద్దరికీ విడమరిచి చెప్పారు. బ్లోయర్ గదులకి గాలి తోయాలంటే ముందు ఎక్కణ్ణుంచైనా గాలి పీల్చుకోవాలి. ఈ ఇంటికి ముక్కు ఆ జాలీయే. ముక్కు మూస్తే గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడంతా పెట్టెలోనే ఉండిపోతుంది, కాపలా స్విచ్చి మంట ఆర్పేస్తుంది. ఆయన మధ్యాహ్నం వచ్చేసరికి బొంత ఎప్పుడో మడిచి లోపల పెట్టేసి ఉండేది. ఇంటి ముక్కు మీద కూర్చుని పూజ చేస్తున్నామన్నమాట అని నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఫక్కున నవ్వింది. మరుక్షణం తమ్ముడి గది వైపు చూసి ఆగిపోయింది. “అయితే ఇదంతా నావల్లేనా?” అంది.

ఆ గొంతుకి తర్జుమా అక్కర్లేకపోయింది. “ముక్కు తెచ్చి నడవా మధ్యలో పెట్టినవాణ్ణి అనాలి” అన్నారాయన. “అనవలసి వస్తే నన్ను కూడా. వచ్చినప్పుడల్లా ఈ జాలీ మీదుగానే నడిచి వెళ్ళాను.”

శుక్రవారం ఆయన ఒక పీట తయారుచేసి తెచ్చారు. జానెడు ఎత్తు కాళ్ళు, పైన సందులు సందులుగా చెక్కలు. దాని మీద అమ్మ కూర్చుంటే కింద నాలుగు వైపులనుంచీ గాలి పోతుంది. దీపానికి గాలి తగలకుండా లాంతరు చిమ్నీ ఒకటి తెచ్చారు. అమ్మ ఆయనకి వాయనం శనగలు దోసెడు పెట్టింది. ఆయన రెండు నమిలి, మర్యాదగా నన్నడిగారు: “ఇవి ఇంటికి తీసుకెళ్ళి ఉడికించుకోవచ్చా?”

ఆ రోజు నాన్నగారు తొందరగా వచ్చారు. తాతయ్య ఇచ్చిన పని కాగితం మీద “గాలి పీల్చే దారికి అడ్డు. తొలగించాను” అని మాత్రమే ఉంది. ఏం అడ్డని నాన్నగారు అడిగారు. “పాత ఇల్లు కదా. జాలీ ఉండకూడని చోట ఉంది. ఇప్పుడు పరవాలేదు” అని తాతయ్య బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

నాన్నగారితో ఏమన్నారని అమ్మ నన్నడిగింది. చెప్పాను. అమ్మ స్టవ్వు కట్టేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి నాన్నగారి ఎదురుగా నిలబడింది. “అడ్డు నా బొంతేనండీ. ఆయన పెద్దమనిషి, చెప్పకుండా వెళ్ళిపోయారు. మీకు నేనే చెప్పాలి.” ఎందుకు పరిచిందో, ఏమైందో అంతా చెప్పింది. నాన్నగారు లేచి నడవాలోకి వెళ్ళి, ఆ పీట జాలీ మీద వేసి, తనే దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశారు. “గట్టిగానే ఉంది. దీపం వెలిగించు, నిలుస్తుందో లేదో చూద్దాం” అన్నారు. దీపం నిలిచింది. వెనకగదిలో ఫర్నేస్ నడుస్తూనే ఉంది. తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళకుండానే ఆ చలికాలం గడిచింది.

నేను పెద్దయ్యాక ఇదే ఊళ్ళో ఒక ఆసుపత్రి లాబ్‌లో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర పనిచేసిన పిల్లలు గాజుగొట్టాలు పగలగొట్టారు, ఒకరి చీటీ ఇంకొకరి సీసాకి అంటించారు, యంత్రాన్ని వేడెక్కకముందే నడిపారు. ఏ తప్పయినా దొరకాలంటే ముందు అది జరిగిన తీరు మొత్తం బయటికి రావాలి. భయపడ్డ మనిషి నోట్లోంచి మొత్తం రాదు, కావలసిన ముక్కే లోపల ఉండిపోతుంది. ఇది నేను ఏ చదువులోనూ నేర్చుకోలేదు. నాకు దీన్ని నేర్పిన మనిషికి అమ్మ తరఫున ఎన్నో థాంక్సులు తర్జుమా చేసి చెప్పాను. నా తరఫున ఒకటీ చెప్పలేదు. చెప్పాలని తెలిసే వయసు వచ్చేసరికి ఆయన లేరు.

ఇప్పటికీ ఇక్కడి తెలుగు పిల్లలు ఇల్లు వేడిచేసే హీట్ పంప్ దగ్గర్నుంచి ఉద్యోగం దాకా ఏ ఇబ్బంది వచ్చినా వచ్చి నా వంటింట్లో కూర్చుంటారు. “ఏం లేదాంటీ, ఊరికే పాడైపోయింది” అని మొదలుపెట్టి, సగంలో ఆగి, బల్ల కేసి చూస్తారు. నేను గుచ్చి అడగను. లేచి టీ పెడతాను. అల్లం సన్నగా, చాలా సన్నగా తరుగుతాను. పాలు పొంగే లోపు, నా వీపు వెనక, మిగతా సగం దానంతటదే మొదలవుతుంది.