కుడి చేతి వేలి సిరా

మా అత్త పత్రిక చదవలేదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

మాది హనుమంతునిపాడు దగ్గర పల్లె. రెండు వర్గాల మధ్య పెళ్లి పిలుపులు కూడా ఉండని ఊరు. మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో, చూపు లేని మా అత్తకు తోడుగా నేను బూత్‌లోకి వెళ్లాను. ఆమె తరఫున వేసే ఓటును రహస్యంగా ఉంచుతానని నాచేత సంతకం చేయించుకుని, నా కుడి చేతి వేలికి సిరా పూశారు. ఎడమ చేతి వేలికి అప్పటికే నా ఓటు సిరా ఉంది. ఆ ఓటు మా ఆయన చెప్పిన గుర్తుకే వేశాను.

"మాయమ్మ ఏమన్నా చెప్పనీ, నువ్వు మాత్రం మన గుర్తుకే నొక్కాల. లేకుంటే ఊర్లో నేను తలెత్తుకోలేను" అని పొద్దున్నే హెచ్చరించాడు ఆయన.

ఓటు మిషన్ చుట్టూ నిలబెట్టిన అట్టల మాటున అత్త నా చెవిలో అవతలి వర్గం గుర్తు చెప్పింది. మా ఆయన గుర్తే నొక్కాను. మిషన్ కూత వినగానే అత్త రెండు చేతులూ జోడించింది.

బయటికొచ్చాక, "నేను చెప్పినదానికే ఏసినావు గదమ్మా?" అంది.

"ఏసినా అత్తా."

పోలింగుకు వారం ముందే "ఓటు అమ్ముకోవద్దు" అని అంగన్‌వాడీ వాళ్లు తీసిన ఊరేగింపులో గొంతు చించుకున్నదాన్ని. నిజమే, నేను అమ్ముకోలేదు. దొంగిలించాను.

ఇప్పుడు పంచాయతీ ఎన్నికల మాట నడుస్తోంది. "ఈసారి నీకు తోడు నేనొస్తాలేమ్మా" అన్నాడు మా ఆయన.

"నువ్వొద్దు నాయనా, నిన్ను నమ్మను. నా కోడలే రావాల" అంది అత్త.