పైన వేడెక్కిందండీ, అత్తయ్యగారూ

మా ఆయనకి వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. పొద్దునోసారి, సాయంత్రమోసారి పెద్ద బెలూనులో గ్యాసు నింపి, దానికో చిన్న పెట్టె కట్టి వదిలేస్తారు. అది మేఘాలు దాటి ఎక్కడికో పోయి, అక్కడి వేడీ గాలీ కొలిచి కబురు పంపి, పగిలిపోతుంది. ఇంత చేసే మనిషిని "రేపు వానొస్తుందా?" అనడిగితే, "నా పని కొలవడమే" అంటారు. పెళ్లైన కొత్తలో నేనూ అడిగేదాన్ని. రెండుసార్లు ఆరేసిన బట్టలు తడిశాక మానేశాను.

ఈ చలికాలం మా అమ్మకి నిమోనియా వచ్చి మా ఇంట్లోనే ఉంది. కాస్త కోలుకోగానే, తను ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టుకునే అద్దెగదికి పోతానని సంచి సర్దింది. ఆ గది కిటికీలు సరిగ్గా మూతపడవు. మళ్లీ చలి సోకితే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు చెప్పనే చెప్పాడు. బతిమాలాను, అరిచాను.

"అల్లుడింట్లో ఎన్నాళ్లే? మీ ఆయన నోరు విప్పడు. మనసులో ఏమనుకుంటున్నాడో ఏమో" అంది. చలి అని ఆపుదామంటే, బయట చూస్తే చక్కటి ఎండ.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే అమ్మ ముందు నిలబడ్డారు.

"పైన ఉన్నట్టుండి వేడెక్కిందండీ, అత్తయ్యగారూ. మూడు వారాలు ఆగి వెళ్లండి."

"వేడెక్కితే మంచిదేగా నాయనా?"

"మేఘాలకి బాగా పైన, ఉత్తర ధ్రువం చుట్టూ గాలి సుడి తిరుగుతూ చలిని అక్కడే పట్టి ఉంచుతుంది. ఇప్పుడా సుడి చెదిరింది. ఈ మూడు వారాల్లో ఎప్పుడైనా ఆ చలిగాలి ఇటు జారొచ్చు."

నేను గరిటె పట్టుకుని నోరెళ్లబెట్టాను. ఈయనగారు జోస్యం చెప్పడమా! అమ్మ సంచి పక్కన పెట్టింది.

మూడు వారాలూ అత్తా అల్లుడూ కిటికీ దగ్గర కూర్చుని చలి కోసం ఎదురుచూశారు. పత్తా లేదు. అది సముద్రం అవతలి దేశాల మీద దిగిందని చివరికి తెలిసింది. మా ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు. అమ్మ సంచి భుజాన వేసుకుంది.

"నీ చలి దారి తప్పినట్టుంది నాయనా. వెళ్లొస్తాను."

మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"చలి సంగతి నాకు తెలీదండీ. మీరు వెళ్తే ఇల్లు చిన్నబోతుంది. నాకూ దిగులుగా ఉంటుంది. ఇక్కడే ఉండిపోండి."

అమ్మ సంచి దించేసింది. "ఈ ముక్క మొదటిరోజే అనుంటే సరిపోయేది కదయ్యా! దీనికి ఆకాశం దాకా పోవాలా?" అంటూ కళ్లు ఒత్తుకుంది.

నాకు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో నేనెప్పుడు ఊరెళ్లినా, ఈ మనిషి బస్సు టైము చెప్పడం తప్ప ఒక్క మాట అన్న పాపాన పోలేదు.