సవతి పేరు ఆడిట్టు

నా మొగుడికి ఇంకో ఆడది ఉందని పెళ్ళయిన నెలకే తెలిసింది. ఆవిడ పేరు ఆడిట్టు. వారంలో సగం రోజులు ఆవిడ దగ్గరే. ఆ పేరు ఎత్తితే చాలు, మనిషి ముఖం విప్పారుతుంది. నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా అంత విప్పారదు.

మా ఆయన ఆదికేశవులు సర్కారు ఆడిటరు. మునిసిపాలిటీలు జనం కట్టిన పన్ను డబ్బును చెప్పిన పనికే ఖర్చు పెట్టాయా లేదా చూడటం ఆయన ఉద్యోగం. చూసింది రాస్తే, దాన్ని కౌన్సిల్లో అందరి ముందూ చదువుతారట. అందుకని వెళ్ళిన చోట కాఫీ మాట దేవుడెరుగు, మంచినీళ్ళు కూడా ముట్టడు. పట్నంలో, చూలై పేటలోని మా ఇంటి నుంచే మరచెంబు నిండా నీళ్ళు పట్టుకుపోతాడు. ఆ చెంబు చింతపండు పెట్టి తోమేది నేను, ఊరేగేది ఆవిడతో.

యాభై ఆరు వేసవిలో ఎన్నూరు వైపు ఒక మునిసిపాలిటీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. తెల్లవారకముందే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. నన్ను పలకరించే తీరిక కూడా లేదు.

ఆ పక్క పూలు అమ్ముకొచ్చే మా పక్కింటి మునెమ్మ ఒకరోజు గడపలో కూర్చుని వక్క కొరుకుతూ మొదలుపెట్టింది.

"అమ్మాయ్, మీ ఇంటాయన్ని ఆడ మునిసిపాలిటీ కాన్పుల ఆసుపత్రిలో చూస్తిని. ఎవుర్తో పచ్చి బాలింత మంచం పక్కన కూసోని గుసగుసలాడతా ఉండాడు. పొరుగింటి పుల్లకూర రుచిలే."

అరికాలి మంట నెత్తికెక్కింది. అసూయ అని మర్యాదగా ఎందుకు చెప్పాలి, కుళ్ళు. మర్నాడు రెండేళ్ళ బిడ్డను మునెమ్మకు అప్పగించి బేసిన్ బ్రిడ్జిలో రైలెక్కాను. నిజమైతే ఆ మరచెంబు ఆయన నెత్తిన బోర్లించి, అటునుంచి అటే పుట్టింటికి పోవాలి. మా పుట్టిల్లు ఆ ఆసుపత్రి వెనక వీధిలోనే. నా కాన్పూ ఆ ఆసుపత్రిలోనే జరిగింది.

వార్డులోనే ఉన్నాడు మహానుభావుడు. మంచం మీద చిన్నపిల్ల లాంటి బాలింత, ఒళ్ళో పసిగుడ్డు. పక్కన ముక్కాలిపీట మీద ఈయన. ఎంత మెత్తగా అడుగుతున్నాడో.

"లూర్దుమేరీ, పొద్దున పాలు తాగితివా తల్లీ?"

"ఏం పాలు సామీ? వాసన కూడా చూడలా."

తల్లీ అన్నాడు. అనుమానం అక్కడికక్కడే చచ్చింది. కుళ్ళు మాత్రం చావలేదు, ఇంకా పెరిగింది. ఇదే వార్డులో, ఆ కిటికీ పక్క మంచం మీద నేనూ పడుకున్నాను. పాలు తాగావా అని ఈ మనిషి నన్ను ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

నన్ను చూసి తెల్లబోయాడు. ఆసుపత్రి గుమాస్తా "ఆడిటరమ్మగారా" అంటూ కలర్ సోడాతో పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, మరచెంబు నాకందించాడు. తాగకుండానే ఆయన్ని వరండాలోకి లాక్కెళ్ళాను.

"ఏంది ఇదంతా?"

"బాలింతలకు దినామూ పాలు పోస్తా ఉండామని వీళ్ళు రాసుకోనుండారు. కాగితాన్ని అడిగితే ఔననే అంటుంది. తాగాల్సినోళ్ళను అడగాల కదా."

"నన్నెప్పుడు అడిగితిరి? నాకూ ఒక్క చుక్క పొయ్యలా. నాకు పాలు పడక బిడ్డ గుక్కపట్టి ఏడస్తా ఉంటే, మా అమ్మ ఇంటినుంచి గంజి మోసకచ్చి తాగించె. రాసుకోండి. రాజలక్ష్మి, కిటికీ పక్క మంచం."

కలం తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"రాసుకునేదానికి లేదు రాజం. నువ్వు నా పెండ్లానివి. సొంత మనిషితో చెప్పించుకున్నాడని రిపోర్టంతా కొట్టి పారేస్తారు. ఈ తల్లుల మాట కూడా పోతుంది."

చూశారా మరి. ఊళ్ళో బాలింతలందరి మాటా చెల్లుతుంది, నా మాట చెల్లదు. నా సవతి పెట్టిన చట్టం అది. న్యాయమైన చట్టమే, అందుకే నాకు ఒళ్ళు ఇంకా మండింది.

"రాయ పన్లేదు. వినండి," అన్నాను.

ఆయన కలం జేబులో పెట్టుకుని మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోని చెంబు తీసుకుని మూత తిప్పాడు.

"పాలు తాగితివా రాజం?"

కాన్పయిన మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను.