సీసా మీద రాసిన టైము

ఈ ఉదయం ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టి తెచ్చిన సీసా మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టింది. కళ్లు మండాయి. ఇన్నేళ్లుగా మూత్ర పరీక్షలు చేస్తున్నదాన్ని, అమోనియా వాసన నాకు కొత్తేమీ కాదు. అయినా అది తగిలిందంటే ఇప్పటికీ పక్కన ఖైరున్ మేడమ్ నిలబడినట్టే ఉంటుంది.

తొంభైల చివర్లో అనంతపురంలోని ఒక చిన్న ల్యాబులో నేను పని నేర్చుకునేటప్పుడు ఆమె అక్కడ పెద్ద టెక్నీషియను. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరినీ పొగిడిన పాపాన పోలేదు. నేనంటే మరీ చులకన అనుకునేదాన్ని. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం క్యాలెండరు కాగితం వెనక మూత్రపిండం బొమ్మ గీసి నన్ను కూర్చోబెట్టింది. "ఒంట్లో దినామూ యాసిడ్ పుడతానే ఉంటాది. దాన్ని మూత్రపిండం బయటికి తోయల్ల. చెనిక్కాయలుంటే సాలునా, మోసేకి గోతాలుండొద్దా? ఆ గోతామే అమోనియా. మూత్రపిండమే చేసుకుంటాది. ఒంట్లో యాసిడ్ పెరిగితే అమోనియా ఇంకా చేస్తాది. అమోనియా పెరిగితే యాసిడ్‌ను తోసేదీ జోరవుతాది" అంది. తలూపాను గానీ సగమే బుర్రకెక్కింది.

ఆ ఏడు వానల ముందు నాయనకు పది రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాక కూడా కాళ్లు నిలవలేదు. డాక్టరు రక్తం చూసి యాసిడ్ పెరిగిందన్నాడు. విరేచనాల వల్లయితే భయం లేదు, మూత్రపిండమే తోయలేకపోతుంటే మాత్రం బెంగళూరు తీసుకుపోవాలి. పొద్దున్నే పట్టిన మూత్రం చూస్తే తేలుతుందన్నాడు. నాయన ఊరు చేరిన సాయంత్రమే వాన పడింది. విత్తనం వేయడానికి రెండేళ్ల తర్వాత దొరికిన పదును. ఇక ఆయన కదిలితే ఒట్టు.

ల్యాబుకు రాలేనివాళ్లు సీసాను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపడం మా వైపు అలవాటు. అమ్మ ఆముదం సీసా కడిగి, తెల్లవారుజామున పట్టి, మొదటి బస్సుకు పంపింది. దారిలో బస్సు చెడి, అది నా చేతికి వచ్చేసరికి ఒంటిగంట. నీలం లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడలేదు. ఎర్ర కాగితం ముంచితే నీలమైంది. అంటే మూత్రంలో యాసిడ్ లేదు, నాయన మూత్రపిండం పని ఆగిపోయింది. ఏడుస్తూనే రిపోర్టు రాశాను.

మేడమ్ రిపోర్టు చూసింది. సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎప్పుడు పట్టినారు?"

"తెల్లారుజామున, మేడమ్."

"అంతసేపూ ఇంజను పక్కన ఉడికిండాది. క్రిములు పెరిగి అమోనియా పుట్టింది. మూత్రపిండం చేసే అమోనియా యాసిడ్‌ను మోస్తాది, దానికి వాసనుండదు. సీసాలో పుట్టేది ఉండే యాసిడ్‌ను కూడా లేకుండా చేస్తాది. ఇది మీ నాయన సంగతి కాదు, సీసా సంగతి." రిపోర్టు చింపేసింది. "పో, మనిషిని పిలుచుకోని రా."

నేను వెళ్లేసరికి నాయన గట్టు మీద కూర్చుని కూలీలకు సాళ్లు చూపిస్తున్నాడు. "పదును ఆరిపోతాది పాపా, నాలుగు దినాలు తాళు" అన్నాడు. "నువ్వు లేకుంటే ఎవురికోసమని విత్తేది?" అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. నా భుజం పట్టుకుని లేచాడు.

మర్నాడు నాయన ల్యాబులోనే సీసా నింపి ఇచ్చాడు. మేడమ్ కాగితం ముట్టుకోలేదు. "నువ్వే ముంచు" అంది. నీలం కాగితం చూస్తుండగానే ఎర్రబడింది. నేను నేల మీదే కూలబడి ఏడ్చేశాను. "ఏడ్చింది సాలు. ఇంకమీద టైము రాయకుండా ఒక్క సీసా కూడా ముట్టొద్దు" అంది. డాక్టరు ఇచ్చిన మందుతో వారం తిరక్కుండానే నాయన సాళ్ల వెంట నడిచాడు.

ఏడెనిమిదేళ్ల తర్వాత మేడమ్ ఒక సీసాతో నా ల్యాబుకు వచ్చింది. మూత్రపిండాల్లో మాటిమాటికీ రాళ్లు, ఒళ్లంతా నీరసం. రక్తంలో యాసిడ్ పెరిగిందట. సీసా మీద టైము తనే రాసింది, పది నిమిషాల కిందటిది. కాగితం ముంచాను. నీలం నీలంగానే ఉండిపోయింది. సీసాను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. కంపు కొట్టాలని బతుకులో మొదటిసారి కోరుకున్నాను.

"వాసన చూసినావా?"

"చూసినా మేడమ్."

"రాదులే. ఇప్పుడే కదా పట్టింది." పెన్ను నా వైపు జరిపింది. "రిపోర్టు రాయి మల్ల."

రాశాను. ఆమె చనిపోయేదాకా యాసిడ్‌ను తగ్గించే సోడా మాత్రలు మింగుతూనే పనిచేసింది.

పెద్దాయనకు కొత్త సీసా ఇచ్చి పంపాను. ఆయన తిరిగి తెచ్చాక దాని మీద టైము రాశాను. కాగితం ముంచేముందు ఈరోజూ సీసాను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.